ఎడమ చెవి వంపు

అద్దంలో ఉన్నది తన ముఖమేనని వెంకట్రాజం నమ్మాలి, అంతే. అద్దం ముందు కూర్చున్నది తనే కాబట్టి, చెయ్యెత్తితే అవతల కూడా ఏదో తెల్లగా లేచింది కాబట్టి. అంతకు మించి ఆనవాలు లేదు. గంట కిందట హన్మకొండలో కళ్ళ డాక్టరు రెండు కళ్ళలోనూ మూడేసి సార్లు మందు పోయించి, పాపలు పెద్దవయ్యాక లోపలికి లైటు కొట్టి చూసి, చీటీ మీద నంబరు రాసిచ్చి, "పొద్దుగూకేదాక ఏదీ సాఫ్‌గ కనిపియ్యది సార్, ఎండల తిరగకుండ్రి" అన్నాడు. ఎండలో తిరగకుండా మట్టెవాడలోని ఈ కళ్ళద్దాల దుకాణానికి ఎట్లా వస్తాడు? రిక్షాలో దస్తీ కళ్ళకడ్డం పెట్టుకుని వచ్చాడు. దారిలో మిర్చి బస్తాల బండ్లు ఎదురైనట్టున్నాయి, రిక్షావాడు దగ్గాడు, వెనక ఈయనా దగ్గాడు, ఇద్దరూ చాలాసేపు వంతులేసుకున్నట్టు దగ్గారు. దుకాణం ముందు ఆ రిక్షావాడు తనంతట తానే చెయ్యి పట్టి దించి, "రెండే మెట్లు సార్, రెండోది జర ఎత్తు" అని చెప్పి మరీ పోయాడు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. ఈ ఏడాదిన్నరగా ఆయనను నడిపిస్తున్నవి ఇట్లాంటి మాటలే. రెండోది జర ఎత్తు. చెప్పేవాళ్ళుంటే ఎక్కొచ్చు.

రేపు రమ్మంటే రాడా? వస్తాడు, కానీ రేపు ఆదివారం, దుకాణం ఉండదు. ఎల్లుండి నుంచి పదో తరగతి పేపర్లు దిద్దాలి. ఇరవై ఆరేళ్ళు సైన్సు చెప్పిన సారు, కళ్ళద్దాలు లేక పిల్లల జవాబులు సగం చదివి సగం ఊహించి మార్కులు వేస్తే ఎట్లా? పాత జోడు ముక్కు మీద కూర్చునే చోట రెండుగా విరిగింది. విరిగిందంటే తనే విరిచాడు, నిద్రలో, మెడ కింద వేసుకుని. చదువుతూ చదువుతూ పుస్తకం ఛాతీ మీద పెట్టుకుని నిద్రపోవడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. పదిహేడేళ్ళు ఆ పుస్తకాన్ని తీసి, కళ్ళద్దాలు తీసి, మడిచి, గూట్లో పెట్టింది ఆయన భార్య రాజేశ్వరి. తీస్తుంటే ఆయనకు ఒక్కనాడూ మెలకువ రాలేదు. పొద్దున లేచి గూట్లో చెయ్యిపెడితే అక్కడ ఉండేవి, తామే నడిచిపోయి పడుకున్నట్టు. అవి గూట్లోకి ఎట్లా పోతున్నాయని ఆయన ఎన్నడైనా అడిగాడా? లేదు. ఆమె పోయాక ఏడాదిన్నర పాటు విరగకుండా ఉండడమే విచిత్రం.

"సార్, ఇది చూడుండ్రి. బొంబాయి మాల్. ఇప్పుడు లెక్చరర్లు, బ్యాంకోళ్ళు అందరు ఇదే పెడ్తాండ్రు." భాస్కర్ గొంతు. దుకాణం అతనిది, అంతకు ముందు వాళ్ళ నాయనది. ముక్కు మీద ఏదో వచ్చి కూర్చుంది, పెద్దది, తేలికది, బుగ్గల దాకా దిగింది. అద్దంలో తెల్లటి దాని మీద గోధుమరంగు మరకలు రెండు ఏర్పడ్డాయి. "ఎట్లున్నది సార్?" "నాకేం కనిపిస్తది భాస్కర్? నువ్వే చెప్పు." "ఫస్ట్ క్లాసున్నది." ముందు పెట్టిన నల్లదీ ఫస్ట్ క్లాసే అన్నాడు, దానికి ముందరి బంగారు తీగదీ ఫస్ట్ క్లాసే. ఇంటి దగ్గర శారద మాత్రం మూడు సార్లు చెప్పింది, "బాపూ, స్టైల్‌ది తీసుకో. మళ్ళ ఆ ముసలోళ్ళ డబ్బాలు తేకు. నాకు డ్యూటీ లేకుంటె నేనే వచ్చేదాన్ని." టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పొద్దంతా చెవులకు తగిలించుకునే పని కూతురిది, కళ్ళకు తగిలించుకునేదాని మీద కూడా దానికి పట్టింపే. స్టైల్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, తెలియవలసిన అవసరం పడలేదు. డెబ్బై ఒకటిలో ఇదే దుకాణంలో, ఇదే స్టూలు మీద, భాస్కర్ వాళ్ళ నాయన ఒక్కొక్కటే పెడుతుంటే రాజేశ్వరి ఎదురుగా నిలబడింది. ఎంత తమాషా చూడు, కళ్ళద్దాలు కొనేవాడు తన కళ్ళద్దాలు తీసేసే కొత్తవి పెట్టుకుని చూసుకోవాలి, బిళ్ళలు లేని ఖాళీ ఫ్రేములో తన ముఖం తనకే కనిపించదు, కాబట్టి ఎవరైనా చూసిపెట్టాలి. ఆయన అద్దం వైపు తిరగనే లేదు ఆనాడు. ఆమె ముఖం వైపు చూశాడు. అంత దూరంలో ఆమె కూడా మసకే, అయినా మొదటి దానికి ఆ మసక కదలలేదు, రెండో దానికి పక్కకు తిరిగింది, అంటే నవ్వు ఆపుకుంటున్నది, మూడో దానికి కొంచెం ముందుకు వచ్చింది. "ఇగో సారూ, ఇది తీసుకోండ్రి, ఇప్పుడు మీరు మీ లెక్కనే ఉన్నరు." సారు అని ఆమె పిలవడం వెక్కిరింపుకే. మూడోదే తీసుకున్నాడు.

ముక్కు మీది బొంబాయి మాల్ తీసి చేతిలో పట్టుకున్నాడు. కొత్త ప్లాస్టిక్ వాసన. తియ్యగా, కొంచెం ముక్కుకు ఎక్కేట్టుగా, ఎర్ర దువ్వెన కొన్ననాడు ఇంట్లో వచ్చిన వాసన. ఎర్ర దువ్వెన. బడిలో ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించిన పని అది, ఎనభై నాలుగు జూలైలో, తొలి వాన పడ్డాక. బడి వెనక వరసగా గుంతలు తవ్వించి, ఒకదాంట్లో మోదుగు ఆకులు, ఒకదాంట్లో గోనెసంచి ముక్క, ఒకదాంట్లో అరటి తొక్క, ఒకదాంట్లో పాల కవరు, చివరిదాంట్లో దువ్వెన పాతిపెట్టించాడు. ఏడాది తర్వాత తవ్వి చూద్దాం, మట్టి దేన్ని తింటుందో దేన్ని తినదో మీకే తెలుస్తుంది అన్నాడు. దువ్వెన రాజేశ్వరిని అడిగాడు. పళ్ళు మూడు ఊడిందే ఇచ్చింది, అదీ సగం మనసుతోనే. పారేయమంటే ఆమె ఏదీ పారేసేది కాదు. చిరిగిన చీర బొంత అయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేది. "పారేస్తె యాడికి పోతది? ఎవరి దొడ్లెనో పడుంటది గదా" అనేది. ఆయన పుస్తకం చూసి చెప్పే పాఠం ఆమె ఊడుస్తూ చెప్పేది. ఏడాది తిరిగేసరికి ఆకులు లేవు, తొక్క లేదు, గోనెసంచి పట్టుకుంటే పొడి అయింది. దువ్వెన మాత్రం ఎర్రగా, నిన్న పెట్టినట్టు, పళ్ళ మధ్య మట్టితో బయటికొచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పాతిపెట్టినప్పుడు ఆమె ఉంది. తవ్వినప్పుడు లేదు. మట్టిలో కలిసిపోయేదే మంచిదని, కలవనిది భూమికి బరువని ఆయన ఆ చేత్తో దువ్వెన పట్టుకుని పాఠం పూర్తి చెయ్యాలి. చేశాడు కూడా. ఒక పిల్లవాడు నోట్సు రాసుకుంటూ, "సార్, కలవనిది అంటే ఎప్పటికీ ఉంటదా?" అని అడిగితే, చాలా ఏండ్లు ఉంటది అన్నాడు. ఆ సాయంత్రం దువ్వెనను కడిగి తన సొరుగులో పెట్టుకున్నాడు. పాఠం ఒకటి, సొరుగు ఒకటి.

"ఓ సారూ, జర నన్ను జూసి చెప్పు, నాకు నల్లది మంచిగున్నదా, మట్టి రంగుదా?" పక్క బెంచీ మీది నుంచి ముసలి గొంతు. వచ్చినప్పటి నుంచీ అక్కడ ఒక నీడ ఉందని తెలుసు, అది మనిషని ఇప్పుడు తెలిసింది. "నాకు కనిపిస్తలేదవ్వా, కండ్లల్ల మందు పోసిండ్రు." "గట్లనా!" గొంతు పెద్దగా నవ్వింది. "నాకు కండ్లకు మోతిబిందు ఆపరేషన్ అయింది, ఇచ్చిన అద్దాలు బర్రె తొక్కింది. నాకు నువ్వు కనిపిస్తలేవు, నీకు నేను కనిపిస్తలేను. ఓ కొడుకా భాస్కరూ, నీ దుకాన్ల మంచి బేరగాండ్లే దొరికిండ్రు." భాస్కర్ నవ్వి, "యాకమ్మవ్వా, నల్లది పెడితె సర్పంచ్ లెక్క కొడ్తానవ్" అన్నాడు. "సర్పంచ్ లెక్క కొడితె మా ఊళ్ళె నాకు కుర్సేస్తరా? వంగి మిరపకాయ తెంపుతె జారి పడకుంట ఉండాలె, గంతే. నాలుగ్గొట్టంగ బండున్నది, స్టేషన్ ఘన్‌పూర్ల దిగి ఊరు నడవాలె, గుడ్డిదాన్ని జెయ్యకు." ఆమె ఫ్రేములను చూడడం లేదని, ఒక్కొక్కటీ వేళ్ళతో పామి, చెంపకు ఆనించుకుని, పక్కన పెడుతున్నదని ఆ చప్పుడును బట్టి వెంకట్రాజానికి అర్థమైంది. ఆయనకు ఆమె మీద అసూయ లాంటిది కలిగింది. కళ్ళు లేకపోతే వేళ్ళున్నాయని ఆమెకు ఎవరు చెప్పారు?

అంగీ జేబులో బరువు. పొద్దున బయలుదేరేటప్పుడు శారదకు తెలియకుండా పెట్టుకున్నది. తీయాలా వద్దా అని రిక్షాలో అనుకున్నాడు, డాక్టరు దగ్గర అనుకున్నాడు, ఇప్పుడు తీశాడు. గుడ్డలో చుట్టిన గుండ్రటి ఫ్రేము, మచ్చల మచ్చల బర్రెకొమ్ముది. మొదట అది రాజేశ్వరి తండ్రిది. పాలంపేటలో పొలం చేసుకునే మనిషి, నిజాం కాలంలో ఒక్కసారి హైదరాబాదు పోయి తెచ్చుకున్న ఒక్క షోకు వస్తువు అది. ఆయన పోయాక బిళ్ళలు మార్పించి ఆమె పెట్టుకుంది. కొత్తది కొనిస్తానంటే వినలేదు, "ఇది ఇంక ఇరవై ఏండ్లుంటది" అంది. ఫ్రేము గురించే అంది. కళ్ళద్దాలు లేకపోతే దూరపు చూపు బొత్తిగా లేదామెకు. చెయ్యి చాపినంత దూరం దాటితే మనిషిని గొంతు బట్టే గుర్తుపట్టేది. "భాస్కర్, దీంట్ల నా నంబరు బిళ్ళలు కూర్చుంటయా?" అతను తీసుకున్నాడు, వెలుతురుకు పట్టినట్టున్నాడు. "ఎక్కడిది సార్ ఇది! గిసుంటిది ఇప్పుడు పైసలిచ్చినా దొరకది. గుండ్రటి ఫ్రేమే మళ్ళ ఫ్యాషన్ అయితాంది, కాలేజీ పోరగాండ్లు అడుగుతాండ్రు. గవన్ని ప్లాస్టిక్‌వి, ఇది అసలుది." "ఏదీ, ఇటియ్యి" అంది యాకమ్మ. ఆమె వేళ్ళు పామిన చప్పుడు. "కొమ్ము. మా తాత దువ్వెన ఇట్లనే ఉండె. కొమ్ము అయితె చెంపకు సల్లగుండది." వేళ్ళు ఆగాయి. "గీ ఎడమ చెవి పుల్ల కొసకు ఎవరో కొరికిండ్రు సారూ. పండ్ల గాట్లున్నయి."

ఉన్నాయి. ఏదైనా తేలనప్పుడు కళ్ళద్దాలు తీసి, ఆ పుల్ల కొస పంటి కింద పెట్టుకుని కూర్చునేది. పోపు డబ్బా ఎక్కడ పెట్టానో అని, శారదను కాలేజీకి హాస్టల్లో ఉంచాలా ఇంటి నుంచి పంపాలా అని, కడుపులో ఈ నొప్పి డాక్టరుకు చెప్పాలా వద్దా అని. చివరిదానికి చాలా రోజులే కొరికింది. ఎదురుగా కూర్చుని పేపర్లు దిద్దుతున్నాడు ఆయన. చూశాడు కూడా. ఏదో ఆలోచిస్తున్నదనుకున్నాడు. ఏమాలోచిస్తున్నావని అడిగి ఉంటే? ఇప్పుడు ఆ గాట్లను వేలితో కనిపెట్టింది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఏదో పల్లె మనిషి, కళ్ళు లేనిది, పది నిమిషాల పరిచయం.

"సార్, ఒక్క మాట" అన్నాడు భాస్కర్. "ఈ పాత బిళ్ళలు తియ్యాలె. మీవి వేసేముందు ఫ్రేము మీ ముఖానికి కూర్చోవాలె, అప్పుడే కొలత. ఇది చిన్న తలకాయకు వంచిన ఫ్రేము, మీ చెవుల దాక అందుతలేదు. వేడి చేసి పుల్లలు సాపు చేసి మళ్ళ వంచాలె. ఫికర్ చెయ్యకుండ్రి, కొమ్ము మంచిగ వంగుతది. చెయ్యనా?" ఏమనాలి? గుడ్డలో చుట్టి సొరుగులో పెడితే ఎట్లా ఉందో అట్లా ఉంటుంది, ఎర్ర దువ్వెన పక్కన. ఉంటుందా? కొమ్ము కదా, పురుగు తింటుంది, ఎండకు పగులుతుంది, అది మట్టి వస్తువు, ఏదో ఒకనాడు మట్టికే పోతుంది, పిల్లలకు చెప్పిన పాఠం తనకూ వర్తిస్తుంది. పెట్టుకుంటేనేమో ఆమె చూసిన బిళ్ళలుండవు, ఆమె చెవి వంపు ఉండదు. దాచినా పోయేదే, వాడినా పోయేదే. ఆమెను అడిగితే ఏమంటుందో తెలుసు. సొరుగుల పెట్టి ఏం జేస్తరు సారూ, పూజ జేస్తరా? అయినా ఆమె అనేది ఆమె అంటుంది, నోరు తెరవవలసింది తను. తెరవలేదు. తల ఊపినట్టున్నాడు. టక్ మని ఒకటి, కాసేపటికి టక్ మని ఇంకొకటి, బిళ్ళలు వచ్చేశాయి. భాస్కర్ వాటిని కాగితంలో చుట్టి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. ఆ వేళ్ళు మూయడం మంచి పని. తనైతే జారవిడిచేవాడు.

స్టవ్ మీద ఇసుక డబ్బా. పుల్లకు రాసిన కొబ్బరినూనె వాసన, దాని వెనకనే ఇంకో వాసన, మొదట సన్నగా, తర్వాత గది నిండా. వేడెక్కిన కొమ్ము వెంట్రుక కాలినట్టు వాసన వేస్తుంది. వెంకట్రాజం ముక్కుకు దస్తీ పెట్టుకున్నాడు, అయినా వచ్చింది, వాసనతో బాటు ఆమె పోయిన రోజంతా వచ్చింది. పెద్ద దవాఖాన వరండా, ఫినాయిలు, చక్రాల మంచం చప్పుడు, మంచం మీద పచ్చబట్టలో రాజేశ్వరి. ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు ఆగి, గాజులు తీసింది, పుస్తెలతాడు తీసింది, కళ్ళద్దాల మీద చెయ్యి వేసింది. ఆమె తల పక్కకు తిప్పుకుంది. "అవి ఉండనియ్యవా బిడ్డా. అవి లేకుంటె సారు కనిపియ్యరు." "లోపటికి పోనియ్యరమ్మా" అంది నర్సు, కసిరి కాదు, మామూలుగానే. తీసేసింది. ఆయన నాలుగడుగుల దూరంలో గోడకానుకుని ఉన్నాడు. ఒక్క నిమిషం ఆగమ్మా అంటే ఆ పిల్ల ఆగేది. నాలుగడుగులు ముందుకు పోయి ముఖం దగ్గర ముఖం పెట్టి ఉంటే, చెయ్యి చాపినంత దూరమైతే ఆమెకు కనిపిస్తుంది కదా. ఆగు అన్న మాట గొంతు దాకా వచ్చింది. అన్నేళ్ళు క్లాసులో అరిచిన గొంతు. రాలేదు. రాజేశ్వరి ఆయన ఉన్నాడనుకున్న వైపు చూసింది. ఆ వైపు ఒక నీళ్ళ డ్రమ్ము ఉంది. డ్రమ్ము వైపు చూసి నవ్వింది. తలుపు మూసుకుంది. రెండు గంటల తర్వాత తలుపు తీసి అదే నర్సు కళ్ళద్దాలు తెచ్చి ఇచ్చింది, ముందు తన కొంగుతో బిళ్ళలు తుడిచి. అప్పుడు ఆయనకు మిగిలింది ఆ తుడవడమే. ఆ పిల్ల పేరు కూడా తెలియదు.

డ్రమ్ము ఏ రంగుదో కూడా గుర్తుంది, నీలం. ఆమెకు రంగు కనిపించి ఉంటుంది. నీలంగా ఉన్నదేదో సారు అనుకొని ఉంటుంది, ఆనాడు ఆయన నీలం గీతల అంగీ వేసుకున్నాడు. అట్లా అనుకునే పోయి ఉంటే మంచిదే. అనుకోకుండా పోయి ఉంటే? ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా జవాబు రాదు, ఈ పేపరు దిద్దేవాళ్ళు లేరు, ఇసుక చప్పుడవుతోంది, వాసన ఎక్కువవుతోంది...

"ఆగు!"

ఎవరు అరిచారో మొదట తెలియలేదు. పక్క బెంచీ మీద యాకమ్మ "ఓర్నాయినో" అంది. బయట ఎవరో సైకిలు బ్రేకు వేశారు. "ఆగు భాస్కర్. ఆపెయ్. వంచకు." తన గొంతే. నిలబడి ఉన్నాడు, స్టూలు వెనక పడిపోయి ఉంది. భాస్కర్ పట్టకారు పట్టుకుని నిలబడిపోయినట్టున్నాడు. "ఏమైంది సార్? కుడి పుల్ల అయిపాయె. మంచిగ వచ్చింది. ఎడమది ఇప్పుడే పెడ్తాన్న." "ఎడమది పెట్టినవా?" "ఇంక లేదు. చేతుల్నే ఉన్నది." వెంకట్రాజం గాలిలో చెయ్యి చాపాడు, ఎక్కడ ఏముందో తెలియదు, ఎవరో ఆ చేతిని పట్టుకున్నారు, మిరపకాయలు తెంపి గరుకైన అరచెయ్యి, తీసుకుపోయి ఫ్రేము మీద పెట్టింది. కుడి పుల్ల వెచ్చగా, నున్నగా, కొత్త మలుపుతో. ఎడమ పుల్ల చల్లగా. కొసకు మూడు గాట్లు. పైన ఒకటి, కింద రెండు.

"ఇది ఇట్లనే ఉండనియ్యి."

"ఎట్ల సార్? ఒకటి మీ సైజు, ఒకటి పాత సైజు. వంకర కూర్చుంటది. ఎవలన్న చూస్తె భాస్కర్‌కు పని రాదంటరు."

"నా పేరు చెప్పు. సారే వద్దన్నడని చెప్పు."

భాస్కర్ ఇంకేదో అనబోతే యాకమ్మ అడ్డం పడింది. "నీకేంది కొడుకా, పెట్టుకునేటాయన ఆయన. ముందల నాది చూడు, మట్టి రంగుదే గానియ్యి, మూడున్నర అయితాందేమో." భాస్కర్ గొణుక్కుంటూనే వచ్చి, పడిన స్టూలు లేపి, ఆయన్ను కూర్చోబెట్టి, ఖాళీ ఫ్రేము ముఖానికి పెట్టాడు. కుడి చెవి మీద ఏమీ పెట్టినట్టే లేదు. ఎడమ చెవి వెనక పుల్ల సగంలోనే దిగి, ఎముక మీద నొక్కింది. అద్దంలో అదే తెల్లటిది, దాని మీద మచ్చల గుండ్రాలు రెండు, ఒకటి ఎత్తుగా ఒకటి కిందికి. బాగుందో లేదో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన ముఖం కోసం ఆయన అద్దం మీది నుంచి చూపు తిప్పి, ఎదురుగా, ఆనాడు ఆమె నిలబడిన చోటికి చూశాడు. వీధిలోని ఎండ తలుపు నిండా తెల్లగా ఉంది.

"నొప్పి పెడ్తలేదా సార్ ఎడమ దిక్కు?"

"పెడ్తాంది."

"మరి తియ్యనా? కొలత తీసుకొని బిళ్ళలు కొయ్యాలె. ఇటియ్యిండ్రి."

"ఇస్త" అన్నాడు వెంకట్రాజం. ఇవ్వలేదు. గుప్పిట్లో కాగితం పొట్లం, అందులో ఆమె బిళ్ళలు రెండూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. చెవి వెనక నొప్పి కొంచెం కొంచెంగా పెరుగుతోంది. ఆయన కదలకుండా కూర్చున్నాడు, కదిలితే అది చోటు మారుతుందేమోనని.